జవాను విగ్రహం పెట్టాలంటే: గెజిట్ కాగితం నుంచి ముసుగు తీసేదాకా

యుద్ధంలో ప్రాణాలిచ్చి, మరణానంతరం శౌర్య పతకం పొందిన జవానుకు సొంత ఊళ్లో విగ్రహం పెట్టాలని అనుకోగానే అందరూ మొదట చందాల పుస్తకం అచ్చు వేయిస్తారు, ఆ తర్వాత శిల్పిని వెతుకుతారు. రికార్డు సంగతి పలక మీద అక్షరాలు చెక్కేవాడు "మ్యాటర్ ఇవ్వండి సార్" అని అడిగిన రోజున గుర్తొస్తుంది. అప్పటికి ఆవిష్కరణ వారంలో పడి ఉంటుంది. ఫ్లెక్సీ మీద ఉన్న మాటే గ్రానైట్ ఎక్కుతుంది. తప్పు పతకం, తప్పు తేదీ, తప్పు పటాలం అలాగే యాభై ఏళ్లు నిలబడి ఉంటాయి. అందుకని వరస తిప్పండి: ముందు కాగితం, తర్వాత స్థలం, ఆ తర్వాతే శిల్పి. మొత్తం పనికి కనీసం ఆరు నెలలు పెట్టుకోండి.

పతకం ఏదో తేల్చుకోవడం

మన దేశంలో శౌర్య పతకాలు రెండు వరసలు. శత్రువుకు ఎదురు నిలిచి చూపిన శౌర్యానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఇస్తారు. ఈ మూడింటినీ 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. శత్రు సైన్యంతో ముఖాముఖి కాని సందర్భాల్లో చూపిన శౌర్యానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. రెండు వరసలూ కలిపి గౌరవ క్రమం చెప్పాలంటే పరమవీర, అశోక, మహావీర, కీర్తి, వీర, శౌర్య. అశోక చక్ర "శాంతికాలపు పతకం" కాబట్టి మహావీర చక్ర కన్నా చిన్నదని కొందరు రాసేస్తుంటారు. అది తప్పు. వీటి తర్వాత సేనా మెడల్ ఉంటుంది. సేనా మెడల్ శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు కాబట్టి పలక మీద "సేనా మెడల్ (శౌర్యం)" అని స్పష్టంగా రాయాలి. అదీ కాకుండా యుద్ధ నివేదికల్లో పేరు ప్రస్తావించే గౌరవం ఒకటుంది. దానికి విడిగా పతకం ఉండదు, సర్వీసు పతకం రిబ్బన్ మీద చిన్న తామరాకు గుర్తు పెడతారు.

అసలు గందరగోళం ఇంట్లో ఉన్న పెట్టె దగ్గర మొదలవుతుంది. పెట్టె తెరిస్తే ఐదారు పతకాలు కనిపిస్తాయి. అన్నీ ధైర్యానికి ఇచ్చినవే అనుకుని "ఆరు శౌర్య పతకాల గ్రహీత" అని రాసేస్తారు. వాటిలో చాలా వరకు ఆ యుద్ధంలోనో ఆ ప్రాంతంలోనో పనిచేసిన వాళ్లందరికీ ఇచ్చే సర్వీసు పతకాలు. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ అలాంటివే. వాటి గౌరవం వాటికుంది, కానీ అవి శౌర్య పతకాలు కావు. రిబ్బన్ చూస్తే చప్పున తెలిసిపోతుంది. పరమవీర చక్రకు నిండు ఊదా రంగు. మహావీర చక్రకు సగం తెలుపు, సగం నారింజ. వీర చక్రకు సగం ముదురు నీలం, సగం నారింజ. అశోక వరసకు ఆకుపచ్చ మీద కాషాయ గీతలు: అశోక చక్రకు ఒకటి, కీర్తి చక్రకు రెండు, శౌర్య చక్రకు మూడు. సేనా మెడల్‌కు ఎరుపు మధ్యలో తెల్ల గీత.

పొడి అక్షరాల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. వీర చక్రను "వీఆర్‌సీ" అంటారు. "వీసీ" అంటే బ్రిటిష్ కాలపు విక్టోరియా క్రాస్. పేరు పక్కన వీసీ అని చెక్కించారంటే లేని పతకం ఇచ్చినట్టే. పొడి అక్షరాలు మానేసి పూర్తి పేరు రాయడమే మేలు.

రికార్డు ఎక్కడ దొరుకుతుంది

శౌర్య పతకాలను రాష్ట్రపతి పేరు మీద భారత గెజిట్‌లో ప్రకటిస్తారు. మామూలుగా గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా ఏడాదికి రెండుసార్లు ఈ జాబితా వస్తుంది. గెజిట్‌లో సైనిక సంఖ్య, ర్యాంకు, పూర్తి పేరు, పటాలం, మరణానంతరమా కాదా, పతకం ఏ తేదీ నుంచి వర్తిస్తుంది అన్నవి ఉంటాయి. ఆ కింద సైటేషన్, అంటే ఆ రోజు అతను ఏం చేశాడో చెప్పే ప్రశంసాపత్రం. రక్షణ మంత్రిత్వ శాఖ నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్లో పేరు కొట్టి వెతకవచ్చు. కుటుంబం దగ్గర పతకంతో పాటు ఇచ్చిన పత్రం ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా కనిపిస్తే అతని రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా రాయాలి. నేరుగా రాసిన ఉత్తరాల కన్నా ఆ దారిలో వెళ్లినవాటికి జవాబు త్వరగా వస్తుంది.

న్యూఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం మరో ఆధారం. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకంలో త్యాగ చక్ర అనే వలయం గోడల మీద గ్రానైట్ పలకల్లో ఒక్కొక్కరి పేరూ చెక్కి ఉంది. ఢిల్లీలో ఉన్న బంధువుల చేత ఆ పలకను ఫొటో తీయించండి. ఇంగ్లిష్‌లో పేరు ఎలా రాశారో దాంట్లో తెలుస్తుంది. ఇంటి పేరు ముందా వెనకా అన్న తగాదా అక్కడితో తీరిపోతుంది.

తేదీలు మూడు ఉంటాయి, మూడూ వేరు. శౌర్యం చూపిన రోజు ఒకటి, పతకం ప్రకటించిన రోజు ఇంకొకటి, రాష్ట్రపతి చేతుల మీదుగా కుటుంబం అందుకున్న రోజు మరొకటి. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు గల్వాన్ లోయలో నేలకొరిగింది 2020 జూన్ 15న. మహావీర చక్ర ప్రకటించింది 2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా. రాష్ట్రపతి భవన్‌లో ఆయన భార్య, తల్లి అందుకున్నది 2021 నవంబర్ 23న. పలక మీద ఒక్క తేదీకే చోటుంటే అది మొదటిదే కావాలి. పతకం అందుకున్న తేదీని ప్రాణం పోయిన తేదీగా చెక్కిన పలకలు మన ఊళ్లలో లేకపోలేదు.

ఇక ఒక చిక్కు మాట. "మా వాడికి పతకం రాలేదు, ఇప్పుడు ఇప్పించండి" అని కుటుంబం అడగవచ్చు. సిఫార్సు మొదలయ్యేది యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ దగ్గర. కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలాలు జతచేసి పైపైకి పంపుతారు. బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్, సైనిక ప్రధాన కార్యాలయం, రక్షణ శాఖ, చివరికి రాష్ట్రపతి ఆమోదం. పంచాయతీ తీర్మానంతో, ఎమ్మెల్యే ఉత్తరంతో కదిలే ఫైలు కాదది. దశాబ్దాల నాటి సంగతైతే ఆశ పెట్టకండి. పతకం లేకపోయినా స్మారకం పెట్టవచ్చు. లేని పతకం చెక్కకుంటే చాలు.

పలక మీద ఏం రాయాలి

తక్కువ రాయండి. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పలక తీసుకుందాం. ఆరేడు అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం కనీసం అంగుళం ఎత్తుండాలి. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి అంగుళం అక్షరానికి రెండంగుళాల వరస ఎడం కావాలి. పేరు మూడంగుళాల్లో వేసి, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు వదిలితే మిగిలేది ఆరేడు వరసలు. వరసకు ఐదు మాటలు లెక్కేసుకుంటే మొత్తం 35 మాటలు. కమిటీ తెచ్చే మ్యాటర్ మామూలుగా 150 మాటలుంటుంది. అందులో సగం దాతల పేర్లే. దాతల పలక వేరే చేయించి దిమ్మె వెనక పక్క పెట్టండి.

ముందు పలక ఇలా ఉంటే సరిపోతుంది:

కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు
మహావీర చక్ర (మరణానంతరం)
కమాండింగ్ ఆఫీసర్, 16 బిహార్
ఆపరేషన్ స్నో లెపర్డ్
గల్వాన్ లోయ, లద్దాఖ్
15 జూన్ 2020

దీని కింద సైటేషన్ నుంచి ఒక్క వాక్యం తెలుగులో చేర్చవచ్చు. "శత్రువులను గడగడలాడించి", "సింహంలా గర్జించి" లాంటివి వద్దు. సైటేషన్‌లో ఉన్న పని చెప్పండి: ఏ శిఖరం, ఏ బంకర్, గాయపడ్డాక కూడా ఏం చేశాడు. విశేషణాలు తీసేసిన చోటే ఆ మనిషి కనిపిస్తాడు.

పటాలం పేరులో అంకె ముందుంటే అది బెటాలియన్ సంఖ్య. "2 రాజ్‌పుతానా రైఫిల్స్" అంటే రాజ్‌పుతానా రైఫిల్స్ రెజిమెంటులో రెండో బెటాలియన్. కార్గిల్‌లో 1999 జూన్ 28న నేలకొరిగి మహావీర చక్ర పొందిన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్యది ఆ బెటాలియనే. దాన్ని "2వ రెజిమెంట్" అని రాయకూడదు. ర్యాంకు కూడా ఆ రోజున ఉన్నదే రాయాలి. ఊళ్లో అందరూ "కెప్టెన్ గారు" అని పిలిచినా గెజిట్‌లో నాయక్ అని ఉంటే నాయక్ అనే చెక్కాలి.

"అమరవీరుడు", "అమర జవాన్" అని రాయవచ్చా? రాయవచ్చు, అది మన ప్రజల మాట. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఆ పదాలు ఉండవు, "బ్యాటిల్ క్యాజువాల్టీ" అనే ఉంటుంది. కాబట్టి అర్జీల్లో, కలెక్టరుకు రాసే ఉత్తరాల్లో ఆ మాటే వాడండి, పని నడుస్తుంది.

నాలుగు సింహాల చిహ్నం మాత్రం చెక్కించకండి. జాతీయ చిహ్నాన్ని ప్రైవేటు వ్యక్తులు, సంఘాలు వాడకుండా 2005లో చట్టమే వచ్చింది. రెజిమెంటు బ్యాడ్జి పెట్టాలనుకుంటే రెజిమెంటల్ సెంటర్‌కు రాసి అడగండి. సరైన బొమ్మ వాళ్లే పంపితే మంచిది. నెట్‌లో దొరికేవాటిలో పాత కిరీటం గుర్తులున్నవీ కలిసిపోయి ఉంటాయి.

రాయి, అక్షరం

నల్ల గ్రానైట్ అనగానే చీమకుర్తి గెలాక్సీ తెచ్చేస్తారు. నేలకు, గోడకు దాని అందమే వేరు. పలకకు పనికిరాదు. ఆ రాయిలో బంగారు మెరుపు చుక్కలుంటాయి. ఎండ పడగానే చుక్కలూ అక్షరాలూ కలిసిపోయి సున్నా ఏదో చుక్క ఏదో తెలియదు. మచ్చలేని నల్లరాయి, 20 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. మూడడుగులకు రెండడుగుల పలక దాదాపు 30 కిలోలు తూగుతుంది.

ఇసుక పిచికారీతో చెక్కే పద్ధతి మన అక్షరాలకు బాగా నప్పుతుంది. రాయి మీద రబ్బరు స్టెన్సిల్ అంటించి, అక్షరాల మేర కోసి తీసి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతారు. లోతు రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లేజర్‌తో చేసింది పైపైన గీసినట్టుంటుంది. అందులో నింపిన రంగు రెండు మూడు ఎండాకాలాలకు పోతుంది. స్టెన్సిల్ కోసేటప్పుడు "థ" మధ్య చుక్క, "ఠ" లోపలి చుక్క ఊడిపోతుంటాయి. "యుద్ధం"లో ద కింద ధ ఒత్తును చూసి తీరాలి. ఊళ్లలో "యుద్దం" అని చెక్కిన పలకలే ఎక్కువ.

ఇంకో ప్రమాదం ఫాంట్‌లో ఉంది. కమిటీ వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగు పంపుతుంది, రాయి చెక్కేవాళ్లు యూనికోడ్ కాని "అను" అనే ఫాంట్లలో పని చేస్తారు. మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, "క్ష" విడిపోతుంది, పొల్లులు వేరే అక్షరం మీదికి పోతాయి. "రాజ్‌పుతానా", "రైఫిల్స్", "లెఫ్టినెంట్" లాంటి పొల్లు మాటలు తప్పకుండా దెబ్బతింటాయి. అందుకని మ్యాటర్ ఫోన్లో చూసి సరే అనకండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, ఊళ్లో తెలుగు మాస్టారి చేత ఒకసారి, ఈ విషయంతో సంబంధం లేని పదో తరగతి పిల్లాడి చేత ఇంకోసారి బిగ్గరగా చదివించండి. పెద్దవాళ్లు ఉండాల్సింది చదువుతారు, పిల్లలు ఉన్నది చదువుతారు. తప్పులు పట్టేది వాళ్లే.

స్థలం

నాలుగు రోడ్ల కూడలిలో పెట్టాలని అందరికీ ఉంటుంది. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అయినా రాత్రికి రాత్రి దిమ్మె కట్టేవాళ్లున్నారు. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు జవాను విగ్రహాన్ని జేసీబీకి తాడు కట్టి పక్కకు తీస్తారు. కుటుంబానికి అంతకన్నా చూడలేని దృశ్యం ఉండదు. ప్రహరీ ఉన్న చోటు వెతకండి. అతను చదివిన బడి, గ్రంథాలయం, పంచాయతీ కార్యాలయం ఆవరణ, లేదా ఎవరైనా రాసిచ్చిన సొంత పట్టా భూమి. బడి అన్నిటికన్నా మంచిది. ఊడ్చేవాళ్లుంటారు, ఏటా పిల్లలు మారుతుంటారు, అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పంచాయతీ తీర్మానం (పట్టణమైతే కౌన్సిల్ తీర్మానం), తహసీల్దార్ నుంచి సర్వే నంబరుతో స్థల నివేదిక, పోలీసుల నిరభ్యంతరం, ఆ స్థలం ఏ శాఖదైతే ఆ శాఖ ఒప్పుకోలు జతచేసి కలెక్టరుకు దరఖాస్తు పెట్టండి. తీర్మానంలో నిర్వహణ ఎవరిదో ఒక వాక్యం రాయించండి. ఆ వాక్యం లేని విగ్రహాలకే మూడేళ్ల తర్వాత గడ్డి మొలుస్తుంది.

శిల్పి దగ్గర

సిమెంటు, ఫైబర్, కంచు, రాయి: ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. సిమెంటు చవక. లోపలి ఇనప చువ్వకు తేమ తగిలి తుప్పు పట్టి ఉబ్బుతుంది, చేతి వేళ్ల దగ్గర, తుపాకీ గొట్టం దగ్గర పెచ్చులు ఊడతాయి. ఫైబర్ తేలిక, త్వరగా అవుతుంది, ముఖ కవళికలు బాగా వస్తాయి. ఎండకు పై పూత పొడిబారుతుంది కాబట్టి మూడు నాలుగేళ్లకోసారి రంగు వేయాలి. కంచు ఖరీదు, కానీ ఒకసారి పెడితే తరాలు నిలుస్తుంది. నిలువెత్తు విగ్రహం 150 నుంచి 300 కిలోల దాకా ఉంటుంది. రాతి విగ్రహానికి ఆళ్లగడ్డ, దుర్గి పనివాళ్లు పేరున్నవాళ్లే. దేవతా మూర్తుల్లో వాళ్ల చెయ్యి తిరుగులేనిది. ఫొటో పోలిక మాత్రం మట్టి నమూనాతో పనిచేసే కొత్తపేట, తెనాలి శిల్పుల దగ్గర బాగా కుదురుతుంది. కంచు అని డబ్బు తీసుకుని ఫైబర్‌కు కంచు రంగు వేసి ఇచ్చే మోసం ఉంది. వేలి గణుపుతో కొట్టి చూడండి. కంచు మోగుతుంది, ఫైబర్ డొల్లగా టకటకలాడుతుంది.

ఎత్తు సంగతి. ఐదడుగుల దిమ్మె మీద ఐదడుగుల ఎనిమిదంగుళాల విగ్రహం పెడితే కింద నుంచి చూసేవాళ్లకు పొట్టిగా, తల చిన్నగా కనిపిస్తుంది. ఆరున్నర అడుగులు చేయించండి. అంత డబ్బు లేకపోతే కంచులో రెండున్నర అడుగుల ఛాతీ విగ్రహం చేయించడం, సిమెంటులో నిలువెత్తు విగ్రహం కన్నా వంద రెట్లు నయం.

అన్నిటికన్నా ముఖ్యమైన రోజు మట్టి నమూనా చూసే రోజు. మట్టిలో ఉన్నంతసేపే ముఖం మారుతుంది. అచ్చు తీశాక ముక్కు కూడా కదలదు. ఆ రోజు కమిటీ పెద్దలు కాదు, తల్లి, భార్య, అన్నదమ్ములు రావాలి. ముందు నుంచి ఒక్కటే కాదు, రెండు పక్కల నుంచీ చూడమనండి. వెనక నుంచి మెడ, భుజాల వాలు కూడా చూపించండి. ఫొటోలో లేనివి ఇంట్లో వాళ్లకే తెలుస్తాయి. చెవి తమ్మె అతుక్కుని ఉంటుందా విడిగా ఉంటుందా, మీసం చివర కిందికా పక్కకా, పాపిడి ఏ వైపు. శిల్పికి ఒకే పాస్‌పోర్టు ఫొటో ఇచ్చి చేతులు దులుపుకోకండి. కనీసం పది ఫొటోలు, అందులో మూడు పక్క నుంచి తీసినవి, ఒకటి నవ్వుతున్నది ఇవ్వండి. సెల్ఫీలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండవచ్చు. యూనిఫాం మీద పేరు పట్టీ కుడి ఛాతీ పైన, పతకాల రిబ్బన్లు ఎడమ ఛాతీ పైన ఉండాలి. ఫొటోలో అవి తారుమారై ఉంటే ఆ ఫొటో తిరగేసినదే.

యూనిఫాం దగ్గర శిల్పులు నెట్ బొమ్మలు చూసి చేసేస్తారు. ఏ యుద్ధమో దాన్నిబట్టి వేషం మారాలి. సైన్యం ఇప్పుడు వేసుకునే డిజిటల్ చుక్కల యూనిఫాం 2022 జనవరి 15న, ఆర్మీ డే నాడు బయటికొచ్చింది. కార్గిల్ జవానుకు దాన్ని తొడగకూడదు. గల్వాన్ నాటికి కూడా అది లేదు. తుపాకీ కూడా అంతే. 1962లో చేతిలో ఉన్నది పాత .303 రైఫిల్. 1971 నాటికి 7.62 ఎస్ఎల్ఆర్. కార్గిల్ నాటికి ఇన్సాస్ వచ్చింది. 1971 జవాను చేతికి ఏకే ఇవ్వడం చాలా చోట్ల కనిపించే పొరపాటు.

ర్యాంకు గుర్తులు: లాన్స్ నాయక్‌కు V ఆకారపు పట్టీ ఒకటి, నాయక్‌కు రెండు, హవల్దార్‌కు మూడు, మొన కిందికి ఉండాలి. సిపాయికి ఏమీ ఉండదు, భుజాలు ఖాళీగా ఉన్నాయని నక్షత్రాలు అతికించకండి. నాయబ్ సుబేదార్‌కు ఒక నక్షత్రం, సుబేదార్‌కు రెండు, వాటితో పాటు అడ్డ పట్టీ. ఆ పట్టీ మర్చిపోతే సుబేదార్ కాస్తా లెఫ్టినెంట్ అయిపోతాడు. మేజర్‌కు సింహాలు, లెఫ్టినెంట్ కల్నల్‌కు సింహాలతో ఒక నక్షత్రం, కల్నల్‌కు సింహాలతో రెండు.

మరి విగ్రహం ఛాతీ మీద మరణానంతర పతకం పెట్టాలా? కదన రంగపు వేషంలో ఉన్న విగ్రహానికి ఏ పతకమూ వద్దు. యుద్ధంలో ఎవరూ పతకాలు తగిలించుకోరు, పైగా ఆ పతకాన్ని అతను ఏనాడూ ధరించలేదు. ఉత్సవ యూనిఫాంలో ఛాతీ విగ్రహమైతే పెట్టవచ్చు. అప్పుడు పెద్ద పతకం ఛాతీ మధ్య వైపు, అంటే ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు వరసలో ఎడమ చివర రావాలి.

దిమ్మె

శిల్పి దగ్గర నుంచి విగ్రహం అడుగున ఉండే పలక కొలత, బోల్టు రంధ్రాల నమూనా ముందే అట్ట మీద గీయించి తెచ్చుకోండి. ఆ అట్ట లేకుండా పోసిన కాంక్రీటులో బోల్టులు ఒక చోట, రంధ్రాలు ఇంకో చోట పడతాయి. అప్పుడు ఆవిష్కరణకు ముందు రోజు రాత్రి డ్రిల్లింగు మిషన్ తేవాల్సి వస్తుంది. నాలుగు బోల్టులు, 16 నుంచి 20 మిల్లీమీటర్లవి, కాంక్రీటులో అడుగు లోతుకు దిగాలి. నల్లరేగడి నేలలో పునాది నాలుగైదు అడుగులు దింపాలి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల అది. రెండడుగుల పునాది మీద కట్టిన దిమ్మె ఏడాదికే వంగుతుంది, గ్రానైట్ పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. పోసిన కాంక్రీటుకు రెండు వారాలు నీళ్లు పట్టి, 28 రోజులు దాటాకే విగ్రహం ఎక్కించండి. గ్రానైట్ పలకలను సిమెంటుతో అంటించి వదిలేయకుండా స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులతో బిగించండి. విగ్రహం అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రం వదలమనండి.

ముందు భాగంలో నేల మీద విడిగా ఒక కఠిన రాతి పలక వేయించండి, కొబ్బరికాయలు కొట్టడానికి. లేకపోతే దిమ్మె అంచునే కొడతారు. పగిలిన అంచు, నూనె మరక, కుంకుమ మరక గ్రానైట్‌ను వదలవు. పాలాభిషేకాలు మాన్పించడం కష్టమే కానీ, చేసిన వెంటనే కడిగించండి. పులిసిన పాలు కంచు మీద మచ్చలు వేస్తాయి.

ఆవిష్కరణ

విగ్రహానికి జాతీయ జెండా కప్పకండి. జెండా నియమావళి ప్రకారం విగ్రహాలకు, వేదికలకు జెండాను కప్పుగా వాడకూడదు. జెండాను విడిగా, స్పష్టంగా కనిపించేలా ఎగరేయాలి. ముసుగుకు తెల్ల గుడ్డో, రెజిమెంటు రంగు గుడ్డో చాలు. ముడి ఒకే లాగుకు ఊడేలా ముందు రోజు పదిసార్లు లాగి చూసుకోండి. తుపాకీ కొనకు చిక్కుకోవడం మామూలే.

సైనిక గార్డు, బ్యూగిల్ కావాలంటే జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా సికింద్రాబాద్‌లోని తెలంగాణ, ఆంధ్ర సబ్ ఏరియా ప్రధాన కార్యాలయానికి కనీసం రెండు నెలల ముందు రాయండి. అతని పటాలానికి కూడా ఆహ్వానం పంపండి, తోటి జవాన్లు రావడానికి సెలవు పెట్టుకోవాలి. గార్డు దొరక్కపోతే ఎన్‌సీసీ పిల్లలు చాలు. బ్యూగిల్ లేక స్పీకర్లో వినిపించాలనుకుంటే "లాస్ట్ పోస్ట్" (నివాళిగా వాయించే బ్యూగిల్ బాణీ) అన్న పేరు చూసి దింపుకోండి. చాలామంది దింపేది అమెరికా సైన్యం వాయించే "ట్యాప్స్". రెండూ విషాదంగానే ఉంటాయి, కానీ మన జవాను ఎదుట అది వాయించకూడదు.

వరస ఇలా పెట్టుకోండి. తల్లో భార్యో ముసుగు తీస్తారు. పలక మీది మాటలు ఒకరు బిగ్గరగా చదువుతారు. పుష్పచక్రాలు ఉంచుతారు, అందరికన్నా ముందు కుటుంబం. లాస్ట్ పోస్ట్, రెండు నిమిషాల మౌనం, మౌనం ముగిశాక వాయించే "రౌజ్" బ్యూగిల్ బాణీ, ఆ తర్వాత జాతీయ గీతం. పాతిక నిమిషాల్లో అయిపోవాలి. నాయకుల ఉపన్యాసాలు దీని తర్వాత, నీడలో, కుర్చీలేసి. మౌనం కన్నా ముందు ఉపన్యాసాలు పెడితే పిల్లలు ఎండలో గంటసేపు నిలబడి సొమ్మసిల్లుతారు. కార్గిల్, గల్వాన్ తేదీలన్నీ మే, జూన్, జూలైలలోనే వస్తాయి. ఉదయం ఏడున్నరకే మొదలుపెట్టండి.

కుటుంబ సభ్యులు ఇలాంటి నివాళి కార్యక్రమాల్లో అతని పతకాలు ధరించవచ్చు, అయితే కుడి ఛాతీ వైపు. ఎడమ వైపు సంపాదించుకున్నవాళ్లది.

ఇంట్లో పతకం, నెల నెలా భత్యం

కాగితాల కోసం ఇంటికి వెళ్లినప్పుడే ఈ రెండూ కూడా చూడండి. శౌర్య పతకాలకు నెలవారీ భత్యం ఉంది. 2017 ఆగస్టు 1 నుంచి రెట్టింపు చేసిన లెక్క ప్రకారం పరమవీర చక్రకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహావీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, శౌర్య సేనా మెడల్‌కు 2,000. మరణానంతరమైతే భార్యకు, పెళ్లికాని జవానైతే తండ్రికో తల్లికో వస్తుంది. తండ్రి పోయాక తల్లి పేరుకు మార్పించుకోక ఆగిపోయి ఉండవచ్చు. పాసుబుక్కు చూడండి, ఆగి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లండి. చక్ర పతకాలకు రైల్వే ఉచిత పాసు, ఒక తోడుతో సహా, ఉంటుంది. భార్యకు అది ఇప్పించారో లేదో అడగండి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నగదు, స్థలం జీవోను బట్టి మారతాయి కాబట్టి జీవో నంబరు, తేదీ లేకుండా ఏ ఆఫీసుకూ వెళ్లొద్దు.

పతకాన్ని ఏటా వర్ధంతికి చింతపండుతోనో పీతాంబరితోనో తోమే అలవాటుంటే మాన్పించండి. పరమవీర చక్ర కంచు, మహావీర చక్ర, వీర చక్ర వెండి. తోమినకొద్దీ అంచున చెక్కిన అతని పేరు అరిగిపోతుంది, తడికి రిబ్బన్ చివుకుతుంది. పొడి నూలు గుడ్డతో తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టాలి. రబ్బరు బ్యాండు చుట్టకూడదు, దాంతో వెండి నల్లబడుతుంది. గోడకు తగిలించడానికి నకలు చేయించి, అసలుది బ్యాంకు లాకర్లో పెట్టమనండి. లాకర్ తాళం ఎవరి దగ్గరుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.